మగ్గం ఆపొద్దన్నాడు

కొత్తవాడ, వరంగల్
14 జూన్ 2025

అన్నకు ప్రేమలత నమస్కారం.

ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. అంతకుమించి క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్‌లో చెబుదామంటే నీకు సగం వినబడుతుంది, మిగతా సగం నువ్వే అల్లుకుంటావు. ముప్పై ఏళ్లు భివండీలో కరెంటు మగ్గాల మోతలో, ఆ సాంచెల మధ్య నిలబడ్డ చెవులు మరి. మనకు కాగితమే నయం. పైగా ఈ నాలుగు రోజులుగా ఫోన్ మోగితే నాకు ఒళ్లు మండుతోంది. ఎందుకో చెబుతాను. మధ్యలో తిట్టకుండా చివరిదాకా చదువు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఒకడు ఫోన్ చేశాడు. చేనేత ఆఫీసు నుంచి అన్నాడు. నా పేరు, మీ బావ పేరు, మా మగ్గానికి అంటించిన నెంబరు తప్పు లేకుండా చదివాడు. ఈసారి చెకింగ్‌కు ఇళ్లకు రావడం లేదని, ఫోన్‌లోనే చూస్తున్నామని చెప్పి ఒక ఫైలు పంపాడు. నొక్కమన్నాడు, నొక్కాను. ఫోన్‌ను ఎదురుగా గోడకు ఆనించి మగ్గం మీద కూర్చోమన్నాడు.

"నేను చెప్పేదాక మగ్గం ఆపొద్దమ్మా. ఆపితె ఆగిన మగ్గం లిస్టుల పడ్తది."

ఆ మాట మన ఇళ్లల్లో ఎంత పని చేస్తుందో నీకు తెలుసు. ఆగిన మగ్గం అని రాసుకుపోతే నూలు మీద రాయితీ పోతుంది, పొదుపు డబ్బుకు సర్కారు కలిపే వాటా పోతుంది. చెకింగొచ్చిందని వీధి చివర కేక వినబడితే పెళ్లి విస్తరి ముందు నుంచి లేచి ఎంగిలి చేత్తో మగ్గమెక్కిన వాళ్లం మనం. ఇంకెవరైనా అయితే ఫోన్ చేతిలో ఉంచుకునేవాళ్లు, అది టింగుమనగానే చూసేవాళ్లు. నేను నలభై నిమిషాలు రెండు చేతులూ పోగులో, రెండు కాళ్లూ చెక్కల మీద పెట్టి జంపఖానా నేస్తూ కూర్చున్నాను. నా ఎదురుగానే, నా ఫోన్‌లోనే, వాడు బ్యాంకులోకి దూరి డబ్బు లాక్కుపోయాడు.

ఎనభై ఆరు వేలు. మా ఇద్దరి మూడేళ్ల పొదుపు, మొన్నటి కూలి, అంతా కలిపి.

మీ బావ ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. అన్నం తింటాడు, లేస్తాడు, నూలుకు రంగు అద్దడానికి పోతాడు. ఇంట్లో ఇద్దరం ఉన్నా ఒక్కరున్నట్టే ఉంది.

నేను మాత్రం ఊరుకోలేదు. ఫోన్ మోసాల నెంబరు 1930కి ఫోన్ చేశాను, సైబర్ పోలీసులకు కాగితం ఇచ్చాను. వీధి మొత్తానికి నేనే చెప్పాను, వాడు రేపు పక్కింటి మగ్గానికి ఫోన్ చేయకుండా. కొందరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వనీ. నేను దొంగతనం చేయలేదు, నా ఇంట్లో దొంగతనం జరిగింది. తలొంచుకోవలసింది నేను కాదు.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
ప్రేమలత


భివండీ
22 జూన్ 2025

చెల్లె ప్రేమలతకు అన్న వెంకటరాజం ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కోపమొచ్చింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నువ్వు పదో తరగతి, నేను ఐదు. నాది ఇప్పటికీ బటన్ల ఫోనే. ఎవడైనా నన్ను ముంచుదామని ఫోన్ చేసినా వాడు చెప్పేది నాకు వినబడదు, వాడే విసిగి పెట్టేస్తాడు. ముక్కూ మొహం తెలియనివాడు ఆడమంటే ఆడతావా?

సరే, అయిందేదో అయింది. నాకు నచ్చనిది ఏమిటంటే నువ్వు దాన్ని ఊరంతా చాటడం. ఇంటిగుట్టు లంకకు చేటు. స్టేషన్ల చుట్టూ తిరిగితే ఆటో కిరాయిలు, ఫొటోస్టాట్‌లు, దానికి ఇంకో పదివేలు. పోయింది ఎట్లాగూ రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? బావకు నచ్చజెప్పు, నోరు మూసుకుని నాలుగు జంపఖానాలు ఎక్కువ నెయ్యి.

ఒక్కటి మాత్రం మంచిపని చేశావు. నా డబ్బును వేరే ఖాతాలో వేస్తున్నానని పోయిన ఏడు అన్నావు కదా. తొమ్మిదేళ్లు పైసా పైసా పంపిన లక్షా నలభై వేలు అది. అది ఉంది కాబట్టే నాకు ఇక్కడ నిద్ర పడుతోంది. సాంచెల పని ఇక చాలు అనుకుంటున్నాం. ఈ ఏడాది దాటకుండా వచ్చేస్తాం. మీ వెనక గదిలో రెండు మగ్గాలు దించుకుంటాం, కిరాయి తీసుకోనంటే ఊరుకోను. రెండో మగ్గం మీద తానే కూర్చుంటానని మీ వదిన ఇప్పటి నుంచే పోట్లాడుతోంది.

ఇక్కడ పని ఎప్పటిలాగే ఉంది. దోమలు ఎక్కువున్నాయి, అంతే. ఫికర్ చేయకు.

అన్న
వెంకటరాజం


కొత్తవాడ
2 జూలై 2025

అన్నా,

వేరే ఖాతా లేదు.

తెరుద్దామనే అనుకున్నాను. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, పాన్ కార్డులో ఇంకో తీరు ఉందని తిప్పి పంపారు. మళ్లీ పోదాం, మళ్లీ పోదాం అని ఏడాది గడిపాను. నీ డబ్బు నా డబ్బుతోనే ఉంది. ఉండేది. మొన్నటి ఉత్తరంలో ఎనభై ఆరు వేలు అని రాసి చెయ్యి ఆపేశాను. రాసింది అబద్ధం కాదు, రాయనిదే అసలైనది. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు మూడింటికి పది నిమిషాలు ఉందనగా వాడి గొంతు ఆగిపోయింది. ఫోన్ తీసి చూస్తే డబ్బు పోయినట్టు మెసేజ్‌లు. పాస్‌బుక్కు పట్టుకుని ఆటోలో బ్యాంకుకు పరుగెత్తాను. కౌంటర్‌లో శశాంక్ అనే పిల్లవాడు ఉన్నాడు, కొత్తగా వచ్చాడు. పాస్‌బుక్కు మిషన్‌లో పెట్టి అచ్చువేసి చూపించాడు. ఎనభై ఆరు వేలు పోయింది, లక్షా నలభై మూడు వేలు ఇంకా ఉంది. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. నీ డబ్బు ఉంది.

ఖాతాకు తాళం వెయ్యమన్నాను. దానికి మేనేజర్ సంతకం కావాలట, మేనేజర్ మీటింగ్‌లో ఉన్నాడట. "జర కూసోండ్రి అమ్మా, సార్ వచ్చినంక చేద్దం" అన్నాడు. వాళ్ల ఫ్యాను కింద, వాళ్ల బెంచీ మీద కూర్చున్నాను. నాలుగింటికి ఎనిమిది నిమిషాలు ఉందనగా ఫోన్ టింగుమంది. డెబ్బై వేలు. లేచి కౌంటర్ దగ్గరికి పోయేలోగా ఇంకో డెబ్బై వేలు. ఆ దొంగ ఫైలు నా ఫోన్‌లో ఇంకా బతికే ఉందని నాకేం తెలుసు? తెలిసిన వాళ్లు అద్దం అవతల ఉన్నారు.

ఆ రోజు నేను అరిచిన అరుపుకు మీటింగ్‌లో ఉన్న మేనేజర్ కూడా బయటికొచ్చాడు. ఖాతాకు తాళం వేశారు. మూడు వేల చిల్లర మిగిలింది.

ఇప్పుడు బ్యాంకువాళ్లు ఏమంటున్నారో విను. ఫైలు నొక్కింది నువ్వు, తాళంచెవి ఇచ్చింది నువ్వు, మాకేం సంబంధం అంటున్నారు. పైగా నేను వచ్చింది మరుసటి రోజట. కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చింది మరుసటి రోజే, దాని మీద ముద్ర పదకొండో తారీఖుదే. ముందు రోజు బెంచీ మీద కూర్చున్న ప్రేమలత వాళ్ల లెక్కలో లేనే లేదు.

చేతులు కాలాక ఆకులెందుకన్నావు. చేతులు కాలాకే అన్నా ఆకులు కావలసింది, లేకపోతే బొబ్బలెక్కుతాయి. నీ డబ్బు నేను పోగొట్టాను, నేనే తెస్తాను. ఎట్లా అని అడగకు, నాకింకా తెలియదు. వదినకు ఏం చెబుతావో నీ ఇష్టం. నన్ను తిట్టాలనుకుంటే పూర్తిగా తిట్టు, సగం దాచుకోకు.

ప్రేమలత


భివండీ
11 జూలై 2025

ప్రేమలతకు,

ఉత్తరం అందింది. మీ వదినకు చదివి వినిపించలేదు.

డబ్బు ఎట్లా వస్తే అట్లా రాబట్టు. ఎంత వస్తే అంత. పంతాలకు పోకు.

వెంకటరాజం


కొత్తవాడ
25 జూలై 2025

అన్నా,

నీ ఉత్తరంలో ఆశీస్సులు అన్న మాట లేదు. వెనకవైపు కూడా తిప్పి చూశాను. అడగడం లేదు, చూశానని చెబుతున్నానంతే.

ఇక్కడ జరిగింది రాస్తాను. సైబర్ పోలీసుల్లో ఎల్లస్వామి అనే హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు, నన్ను చూస్తే చాలు కుర్చీ వేస్తాడు, అన్నిసార్లు పోయాను. మొదట పోయిన ఎనభై ఆరు వేలలో ముప్పై ఒక్క వేలు ఎక్కడో ఎవరి ఖాతాలోనో దొరికితే ఆపించారట. అది కోర్టు నుంచి విడిపించుకోవాలి. సుబేదారిలో కోర్టు దగ్గర ఫీజు లేకుండా వాదించే వకీలును ఇస్తారని ఆయనే చెప్పాడు. అట్లా శోభారాణి మేడమ్ దొరికింది. చిన్న మనిషి, పెద్ద గొంతు. మొదటి రోజే నన్ను నిలదీసింది. "మెసేజ్‌లు అన్నిసార్లు టింగుమంటాంటె ఎందుకు లేవలేదమ్మా?" అంది.

ఆగిన మగ్గం భయం అని చెప్పాను. అందరికీ అదే చెప్పాను. నీకూ అదే రాశాను. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం ఆమెకు చెప్పలేకపోయాను, నీకు చెబుతున్నాను. నేస్తున్నంతసేపు వాడు నన్ను మెచ్చుకున్నాడు అన్నా. "అంచు మస్తుగ కూసున్నదమ్మా, ఇసొంటి చెయ్యి నేను యాడ చూడలే" అన్నాడు. నలభై ఏళ్లుగా నేస్తున్నాను. కొనేవాడు ధర తగ్గించడానికి వంకలు పెడతాడు, ఇంట్లోవాళ్లకు అది రోజూ ఉండే పని. నా చేతిపనిని నిలబడి చూసినవాడు లేడు. వాడు చూస్తున్నాడని నేను ఇంకా గట్టిగా, ఇంకా ముద్దుగా నేశాను. టింగుమన్నప్పుడల్లా విన్నాను. ఈ వరుస అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను రాస్తుంటే. అయినా రాశాను. మెచ్చుకోలు కోసం కూర్చున్నది నా బలహీనత కావచ్చు, దొంగతనం మాత్రం వాడిదే.

ఇక అసలు సంగతి. నా దగ్గరున్న కాగితాలన్నీ తెమ్మంది మేడమ్. పాస్‌బుక్కు తిరగేస్తూ ఒక్కచోట వేలు పెట్టి ఆగింది. ఆ రోజు శశాంక్ అచ్చువేసిన చివరి వరుసలో పదో తారీఖు ఉంది, నిల్వ లక్షా నలభై మూడు వేలు ఉంది. డెబ్బై వేలు పోయిన వరుసలు దాని కింద లేవు. మిషన్ ఉన్నది వాళ్ల బ్యాంకు లోపల. నేను పదో తారీఖున, డెబ్బై వేలు పోకముందే, అక్కడ లేకపోతే ఆ వరుసను ఎవరు అచ్చువేశారు? నెలన్నరగా ఆ పుస్తకం నా సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను, చూసుకోలేదు. చెప్పిన తర్వాత పోయిన డబ్బుకు బ్యాంకుదే పూచీ అట, అది రూలు అట.

ఆ పేజీ నకలు పట్టుకుని ఇద్దరం పోయాం. మేనేజర్ మొదటిసారి నన్ను కూర్చోమన్నాడు. టీ తెప్పించాడు. మూడోరోజు నన్ను ఒక్కదాన్నే పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. నేను బ్యాంకుకు పదకొండో తారీఖునే వచ్చానని, నా అజాగ్రత్త వల్లే డబ్బు పోయిందని, బ్యాంకు దయతో డెబ్బై వేలు ఇస్తోందని, ఇక ఏ ఫిర్యాదూ చేయనని అందులో ఉంది. సంతకం పెడితే రేపే ఖాతాలో వేస్తారట. పెట్టకపోతే పై ఆఫీసుకు రాసుకోవాలి. నెలలు పడుతుంది. మొత్తం రావచ్చు, దమ్మిడీ రాకపోవచ్చు. కాగితం చదువుతుంటే శశాంక్ తలుపు దగ్గర నిలబడ్డాడు, నా మొహం చూడలేదు.

నా డబ్బయితే ఆ కాగితాన్ని అక్కడే మడిచి ఆ టీ కప్పు కింద పెట్టి వచ్చేదాన్ని. ఇది నీ డబ్బు. ఎంత వస్తే అంత అన్నావు. పంతాలకు పోకన్నావు. అందుకే పది రోజులు గడువు అడిగాను. సంతకం పెట్టమంటే పెడతాను, నిన్ను ఎప్పుడూ ఒక్క మాట అనను. కానీ పెట్టమని నీ చేత్తో రాసి పంపు.

ప్రేమలత


భివండీ
1 ఆగస్టు 2025

చెల్లె ప్రేమలతకు అన్న, వదిన ఆశీస్సులు. పోయినసారివి కూడా ఇందులోనే కలిపి తీసుకో.

ఈ ఉత్తరం మామూలు టపాలో వేయడం లేదు, స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. గడువు లోపల నీకు అందాలి.

సంతకం పెట్టకు.

ఎందుకో చెబుతాను. ఇక్కడ పని ఎప్పటిలాగే ఉందని రాశాను. లేదు. మా కార్ఖానా ఏప్రిల్‌లోనే మూతపడింది. సేటు సాంచెలన్నీ తుక్కు కింద అమ్మేశాడు. ఇరవై రెండేళ్లు పనిచేసిన చోటు. చివరి రోజు పదకొండు మందిని వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో పన్నెండు వేలు పెట్టి, ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నాడు. పైన ఏమి రాస్తారు సేట్ అని అడిగినవాడు లేడు. నాకు వినబడదని నన్ను భుజం పట్టి ముందుకు తోశారు, పెట్టేశాను. మాకు రావలసిందంతా ముట్టిందని పైన రాసుకున్నాడని తర్వాత తెలిసింది. రావలసింది లక్షల్లో ఉంటుందని గుమాస్తా చెప్పాడు. అప్పటి నుంచి గోదాంలో బట్టల బేళ్లు మోస్తున్నాను. నడుము నొప్పి అని నీకు రాయలేదు, దోమలు ఎక్కువున్నాయని రాశాను.

నీ మీద కోపంతో ఆ మూడు ముక్కల ఉత్తరం రాశానని అనుకుంటున్నావు. కోపం ఉంది, లేదనను. కానీ అంతకంటే భయం ఎక్కువ. చేతిలో పని లేదు, ఊళ్లో డబ్బు లేదు. డెబ్బై వేలు రేపే వస్తాయంటే నోరూరలేదా అంటే ఊరింది. నిన్న రాత్రి పెట్టమనే రాశాను. పొద్దున్నే మీ వదినకు రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను, నా సంతకం సంగతి కూడా మొదటిసారి చెప్పాను. నాలుగు నెలలుగా ఆమెకూ చెప్పలేదు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. నేను రాసిన కాగితం తీసుకుని పొయ్యిలో పెట్టింది. "రాని పైసలు ముట్టినయని, రాని దినం వచ్చినమని ఒక్క ఇంట్ల ఎంతమందిమి రాసియ్యాలె?" అంది. ఆమె చెప్పింది నాకు వినబడలేదని మళ్లీ చెవి దగ్గరకొచ్చి చెప్పింది.

నా సంతకం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు. పోయిన డబ్బుకు కాదు. జరగనిది జరిగిందని నా చేత్తో ఒప్పుకున్నందుకు. నువ్వు ఆ బెంచీ మీద కూర్చున్నావు. కూర్చోలేదని రాసివ్వకు. దమ్మిడీ రాకపోయినా సరే. గోదాంలో ఇంకో నాలుగేళ్లు మోస్తాను, నిన్ను ఒక్క మాట అనను.

ఇంకొకటి. ఎప్పుడో నువ్వు నేసి పంపిన జంపఖానా మా గదిలో పరిచి ఉంది. అంచు మస్తుగా కూర్చుంది. ఇన్నేళ్లు దాని మీద పడుకున్నానే గానీ చూడలేదు.

అన్న
వెంకటరాజం


కొత్తవాడ
19 నవంబర్ 2025

అన్నకు, వదినకు ప్రేమలత నమస్కారం.

మధ్యలో రాసిన రెండు కార్డుల్లో తిరుగుతున్నాం, తిరుగుతున్నాం అని తప్ప ఏమీ లేదు. ఇప్పుడు పూర్తిగా రాస్తాను.

నీ ఉత్తరం అందిన రోజే మేనేజర్ కాగితం మేనేజర్‌కే ఇచ్చేశాను. చదువురాని మొండిదాన్ని చూసినట్టు చూశాడు. "డెబ్బై వేలు కాదంటున్నరు, రేపు బాధపడ్తరు" అన్నాడు. "బాధ నాది సార్, మీరు తారీఖు సరిగ్గ రాయుండ్రి" అన్నాను. పై ఆఫీసుకు మేడమ్ రాసింది. పాస్‌బుక్కు నకలు పెట్టింది, ఆ రోజు బ్యాంకు లోపలి కెమెరా బొమ్మలు కూడా చూపించాలని అడిగింది. వాళ్లు ఒకసారి జవాబివ్వలేదు, ఒకసారి తప్పుడు జవాబిచ్చారు, ఒకసారి కెమెరా చెడిపోయిందన్నారు. నెలకు రెండుసార్లు పోయి ఆ బెంచీ మీదే కూర్చున్నాను. రెండోసారి మీ బావ నాతో వచ్చాడు. పిలవలేదు, రంగు చేతులతోనే వచ్చి పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో, "నేనైతే మొదటి దినమే ఇడిసిపెడుదు" అన్నాడు. జూన్ నుంచి ఆయన నాతో మాట్లాడిన పెద్దమాట అది. ఆటోలోనే ఏడ్చేశాను.

చివరికి కెమెరా అక్కర్లేకపోయింది. పై ఆఫీసువాళ్లు అడిగితే శశాంక్ ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాడట. ఆమె మూడు ఇరవైకి వచ్చింది, తాళం వెయ్యమంది, నేనే కూర్చోబెట్టాను అని. ఆ పిల్లవాడిని ఎక్కడికో బదిలీ చేశారు. పోయేముందు రోజు మా ఇంటికొచ్చి గడపలో నిలబడ్డాడు. కోపం చల్లారిందని చెప్పలేను. కానీ మంచినీళ్లు ఇచ్చాను, కూర్చోమన్నాను.

పోయిన శుక్రవారం లక్షా నలభై వేలు నా ఖాతాలో పడ్డాయి. కోర్టు నుంచి ముప్పై ఒక్క వేలు అంతకు ముందే వచ్చాయి. మిగతా యాభై ఐదు వేలు వాడు తిన్నాడు. ఎల్లస్వామి ఇంకా వెతుకుతున్నానంటాడు, నేను ఇంకా అడుగుతూనే ఉంటాను. మొత్తం రాలేదు అన్నా. వచ్చినదాంట్లో మాత్రం ఒక్క రూపాయి ఎవరి దయా కాదు. దయ అన్న మాట ఆ కాగితాల్లో ఎక్కడా లేదు, నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం శోభారాణి మేడమ్‌కు చూపించాను, నిన్ను అడగకుండానే. తిడితే తిట్టు. ఖాళీ కాగితం మీద తీసుకున్న సంతకంతో కథ అయిపోదట. ఇరవై రెండేళ్ల పనికి రావలసినది అడగడానికి అక్కడా ఆఫీసు ఉందట, మన వాళ్లకు సాయం చేసే వకీళ్లున్నారట. ఒకరి పేరూ నెంబరూ రాసిచ్చింది. నువ్వు అక్కడ పనిచేసినట్టు రుజువు ఏముందని అడుగుతారు. నువ్వు ఏమీ లేదంటావు, నాకు తెలుసు. తొమ్మిదేళ్లు నువ్వు నాకు డబ్బు పంపిన మనియార్డర్ చీటీల మీద కార్ఖానా చిరునామా ఉంది, అన్నీ నా దగ్గర ఉన్నాయి. జీతం చీటీలు వదిన బియ్యం డబ్బాలోనో పెట్టెలోనో ఎక్కడో దాచే ఉంటుంది, ఆమెను అడుగు.

మగ్గాలు దించుకోవడానికి మీ డబ్బు ఉంది, గది ఖాళీగా ఉంది, ఎప్పుడైనా రావచ్చు. కానీ అక్కడిది వదిలేసి రావద్దు. నీతో పాటు సంతకం పెట్టిన పది మంది పేర్లు, నువ్వు పనిలో చేరిన సంవత్సరం ఒక కాగితం మీద రాసి పెట్టు. సేటు ఇల్లు ఎక్కడో కనుక్కో. మీ బావకు సంక్రాంతి దాకా ఆర్డర్లు ఉన్నాయి, రాలేడు, నేనే వస్తున్నాను. డిసెంబర్ ఒకటి, సోమవారం సికింద్రాబాద్‌లో రైలెక్కుతున్నాను. కల్యాణ్ స్టేషన్‌కు రండి.

ప్రేమలత